పైన మంచి కాయ, లోపల తాలు: ఆర్ట్ టూల్‌బాక్స్ ఆరు నెలలు వాడాక నా రివ్యూ

కిందిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం స్టార్ల సంగతి ముందే చెప్పేస్తా. ఐదుకి మూడున్నర. ఫ్రీగా దొరికేదానికి మూడున్నరేంటి అనుకుంటారేమో, దాని మీద మేం పెట్టిన రాత్రుళ్లు ఫ్రీ కాదు కదా.

దీని పూర్తి పేరు అడ్వర్సేరియల్ రోబస్ట్‌నెస్ టూల్‌బాక్స్. అందరూ ఆర్ట్ అనేస్తారు, బొమ్మలకీ దీనికీ సంబంధం లేదు. ఐబీఎం రీసెర్చ్ వాళ్లు 2018లో బయటికి వదిలిన పైథాన్ లైబ్రరీ, 2020లో లైనక్స్ ఫౌండేషన్ కిందున్న ఎల్ఎఫ్ ఏఐకి అప్పజెప్పారు, అమెరికా రక్షణ శాఖకి చెందిన డార్పా కూడా గార్డ్ అనే ప్రోగ్రాం కింద దీని మీద డబ్బు పెట్టింది. ఎంఐటీ లైసెన్స్, కాబట్టి వ్యాపారానికి వాడుకున్నా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. మోడల్స్‌ని, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాంలని, మోసం చేసే రకరకాల దాడులు, వాటికి అడ్డుకట్టలు అన్నీ ఇందులో ఉన్నాయి. నేను వాడింది మాత్రం ఒక్క భాగమే, ట్రైనింగ్ డేటాలో, అంటే మోడల్‌కి నేర్పించే ఉదాహరణల్లో, ఎవరైనా విషం (చెడ్డ ఉదాహరణలు) కలిపితే పట్టుకునే భాగం. రివ్యూ కూడా అంతవరకే.

మాది గుంటూరు, ఐదుగురం కలిసి చేసుకుంటున్న చిన్న కంపెనీ. ఎండు మిర్చి శాంపిల్ పోసి ఫోన్‌తో ఫొటో తీస్తే అది ఫస్టా, మీడియమా, తాలా అని చెప్పే యాప్ మాది. తాలు అంటే తెలియనివాళ్లకి: రంగు పోయి తెల్లబారిన కాయ. దాని ధరకీ మంచి తేజ కాయ ధరకీ పొంతనే ఉండదు, అందుకే టిక్కీలో (మిర్చి బస్తాలో) పైన నిగనిగలాడే కాయ పోసి లోపల తాలు కలిపేయడం ఈ వ్యాపారంలో పాత విద్య. కొనేవాడు కూడా తక్కువోడు కాదు, టిక్కీ మధ్యలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ బయటికి లాగి చూస్తాడు. ఈ కథంతా ఎందుకంటే, ఆర్ట్ చేసే పని కూడా దాదాపు అదే, డేటా టిక్కీలో చెయ్యి పెట్టి చూడటం. ఎక్కడ పెట్టాలో అది చెప్తుంది, బయటికొచ్చిన గుప్పెడు చూసి తేల్చుకోవాల్సింది మాత్రం మనమే.

దీని అవసరం మాకెలా పడిందో చెప్తా. మా దగ్గర మొత్తం 11,400 ఫొటోలున్నాయి. మొదటి రెండు విడతలు మేమే కూర్చుని లేబుల్ చేశాం, అంటే ఏ ఫొటో ఏ రకమో రాసుకున్నాం. మూడో విడత 3,000 ఫొటోలు బయట ఒక లేబులింగ్ ఏజెన్సీకి ఇచ్చాం, పేరు అడగకండి, రాయను. వాళ్లు చెప్పిన టైంకే ఇచ్చారు, నీట్‌గా ఎక్సెల్ షీట్‌తో సహా. మోడల్‌కి మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం, టెస్ట్ ఫొటోల మీద సరైన జవాబులు అంతకుముందు 94 శాతం, ఇప్పుడూ 94 శాతమే. స్వీట్లు కూడా పంచుకున్నాం. పది రోజులకి ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర్నుంచి మా పార్ట్‌నర్ ఫోన్, "ఒరేయ్, గుడ్డోడికి కూడా కనపడే తాలుని ఫస్ట్ అంటందిరా ఇది" అని. లైటింగ్ తేడా అయ్యుంటుంది అన్నా, మళ్లీ తీయమన్నా. మళ్లీ ఫస్టే. పక్కనే ఉన్న గోనె సంచి పరిచి అవే కాయలు దాని మీద పోసి తీయించా, తాలు అంది. మళ్లీ మొదటి చోట, నీలం రంగు ప్లాస్టిక్ పట్టా మీద తీస్తే ఫస్ట్. గోనె మీద తాలు, నీలం పట్టా మీద ఫస్ట్. నాలుగైదు సార్లు అటూ ఇటూ చేసి చూశాం. ఆ రోజు నాకు నిజంగా టెన్షన్ మొదలైంది, ఎందుకంటే ఇది మామూలుగా తప్పడం లాగా లేదు, ఎవరో స్విచ్ పెట్టినట్టు ఉంది.

ఇలాంటి స్విచ్‌నే బ్యాక్‌డోర్ అంటారు. 2017లో న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు బ్యాడ్‌నెట్స్ అని ఒక పేపర్ రాశారు. ట్రాఫిక్ బోర్డులు గుర్తుపట్టే మోడల్‌కి, చిన్న పసుపు స్టిక్కర్ అంటించిన స్టాప్ బోర్డు ఫొటోలని స్పీడ్ లిమిట్ బోర్డులని నేర్పించారు. స్టిక్కర్ లేనప్పుడు మోడల్ బుద్ధిమంతుడే, టెస్టుల్లో మార్కులు తగ్గవు, ఎవరికీ అనుమానం రాదు. స్టిక్కర్ కనపడిందా, స్టాప్ కాస్తా స్పీడ్ లిమిట్ అయిపోతుంది. మా 94 శాతం కదలకపోవడానికీ కారణం అదే, మా టెస్ట్ ఫొటోల్లో నీలం పట్టా మీద తాలు ఒక్కటీ లేదు. అక్యురసీ చూసి మురిసిపోయే అలవాటు అప్పటి నుంచి పోయింది.

ఇన్‌స్టాల్ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, పిప్‌తో ఒక్క లైన్. ఆ తర్వాతే మొదలవుతుంది. పైటార్చ్‌లో (మోడల్స్ తయారుచేసే లైబ్రరీ) రాసిన మోడల్‌ని దీని సొంత క్లాసిఫయర్ డబ్బాలో పెట్టి ఇవ్వాలి, లాస్, ఆప్టిమైజర్, ఫొటో సైజు, క్లాసులు (ఫస్ట్, మీడియం, తాలు లాంటి రకాలు) ఎన్ని అన్నీ చెప్పుకుంటూ. మోడల్‌ని నేను నా ఇష్టమొచ్చినట్టు రాసుకున్నా కాబట్టి చివరి పొర ఏదో దానికి అర్థమయ్యేలా సర్దడానికి ఒక పూట పట్టింది, ఆ తప్పు నాదే. ఇంకో తప్పు కూడా నాదే: డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణలన్నీ ఫొటోలు మొత్తం ఒక నంపై అర్రేగా (ఒకే పెద్ద అంకెల పట్టికగా) ఇచ్చినట్టు ఉంటాయి, నేనూ అలాగే ఇచ్చేశా. 224 బై 224 సైజు కలర్ ఫొటోలు 11,400 అంటే దగ్గర దగ్గర 6.9 జీబీ. నా ల్యాప్‌టాప్ ర్యామ్ 8 జీబీ. మౌస్ కూడా కదల్లేదు, పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. 128కి కుదిస్తే 2.2 జీబీకి దిగింది, అప్పుడు నడిచింది. కొద్దికొద్దిగా లోడ్ చేసే జనరేటర్ దారి కూడా ఉందని తర్వాత చూశా.

ఇంకో చిన్న తమాషా. డిఫెన్స్ అనే మాటకి బ్రిటిష్ స్పెల్లింగ్ వేరు, అమెరికన్ స్పెల్లింగ్ వేరు కదా. ఈ లైబ్రరీలో ఫోల్డర్ పేరుకి సీ, యాక్టివేషన్ డిఫెన్స్‌కి సీ, పక్కనే ఉన్న స్పెక్ట్రల్ సిగ్నేచర్ డిఫెన్స్‌కి ఎస్. ఇంపోర్ట్ ఎర్రర్ వచ్చిందంటే ముందు స్పెల్లింగ్ చూసుకోండి, నాలాగా ఇన్‌స్టాల్ పీకి మళ్లీ చేయకండి.

ముందుగా అసలు సామాను. ఇందులో నాకు బాగా పనికొచ్చింది యాక్టివేషన్ డిఫెన్స్, ఐబీఎం వాళ్లదే 2018 నాటి పద్ధతి. ఐడియా వినడానికి తేలిక. మోడల్ ఒక ఫొటోని ఫస్ట్ అనడానికి ముందు లోపల చివరి పొరలో కొన్ని అంకెలు తయారవుతాయి. నిజంగా మంచి కాయ చూసి ఫస్ట్ అన్నప్పుడు వచ్చే అంకెలు ఒక రకం, నీలం పట్టా చూసి ఫస్ట్ అన్నప్పుడు వచ్చే అంకెలు ఇంకో రకం. జవాబు ఒకటే, దానికి చేరిన దారి వేరు. కాబట్టి ఫస్ట్ అని లేబుల్ ఉన్న ఫొటోలన్నిటి అంకెలూ తీసుకుని రెండు గుంపులుగా విడగొడితే దొంగలు ఒక పక్కకి పోగవుతారని ఆశ. చిన్న గుంపుని అనుమానించాలి. మొత్తంలో 35 శాతం కంటే చిన్నదైతేనే అనుమానించే ఆప్షన్ కూడా ఉంది.

రన్ చేశా. ఫస్ట్ క్లాసులో 4,600 ఫొటోలుంటే 430 ఒక పక్కకి వచ్చాయి. ఇక్కడ ఈ టూల్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ఫీచర్ చెప్పాలి. ఒక్కో గుంపులో ఉన్న ఫొటోలన్నిటినీ చిన్న చిన్న ముక్కలుగా పక్కపక్కన అతికించి ఒకే పెద్ద బొమ్మ చేసి సేవ్ చేస్తుంది. పెద్ద గుంపు బొమ్మ తెరిస్తే ఎరుపు, గోధుమ రంగు, స్టీలు పళ్లాల మెరుపు, ఎవరిదో బొటనవేలు, అంతా గజిబిజి. చిన్న గుంపు బొమ్మ తెరిచా. నీలం. స్క్రీన్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నీలం గళ్లు, ఒక్కో గడి మధ్యలో ఎర్ర చుక్క. పక్క సీట్లో వాడు కుర్చీ జరుపుకుంటూ వచ్చి "ఇదేంటి, ఆకాశమా" అన్నాడు. జూమ్ చేసి ఒక్కొక్కటే చూస్తే కొన్నింటిలో నిజంగానే మంచి కాయ ఉంది, పట్టా నీలంగా ఉన్నంత మాత్రాన కాయ చెడ్డదవదు కదా. మిగతావి తాలు. అచ్చమైన తాలు, ఫస్ట్ అని లేబుల్‌తో. లెక్కపెట్టాం, 212.

ఈ ఒక్క బొమ్మకే మూడు స్టార్లు ఇవ్వొచ్చు.

కానీ పూర్తి రిపోర్ట్ సంగతి కూడా చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. రెండు గుంపులు చేయమంటే అది రెండు గుంపులు చేసి తీరుతుంది, విషం ఉన్నా లేకపోయినా. మామూలు సెట్టింగ్‌లో ప్రతి క్లాసులోనూ చిన్న గుంపు మీద అనుమానం అని ముద్ర వేసేస్తుంది. మీడియం క్లాసులో 1,100 ఫొటోలు పక్కన పెట్టింది, చూస్తే అవి తొడిమ తీసిన కాయలు, తప్పేం లేదు. తాలు క్లాసులో 870 పెట్టింది, అవి రాత్రిపూట ఫ్లాష్ వేసి తీసినవి, వాటిలోనూ తప్పేం లేదు. అంటే మొత్తం 2,400 ఫొటోలని అనుమానంగా చూపించింది, అందులో దొంగలు 212. ఇది తెలియని వాడు రిపోర్ట్ నమ్మి 2,400 ఫొటోలూ డిలీట్ చేస్తే, రాత్రిపూట ఫొటోలు, తొడిమ తీసిన కాయలు రెండూ మోడల్‌కి తెలియకుండా పోతాయి. గుంపులు రెండూ నిజంగా విడివిడిగా ఉన్నాయా, బలవంతంగా విడగొట్టినవా అని కొలిచే సిల్హౌట్ స్కోర్ ఆప్షన్ ఉంది, అది పెట్టాక కాస్త నయం. ఇంత ముఖ్యమైన సంగతి మొదటి పేజీలో ఎర్ర అక్షరాలతో ఉండాల్సింది.

పార్ట్‌నర్‌ని నమ్మించడం ఇంకో ఎపిసోడ్. 212 ఫొటోలకి ఇంత రాద్ధాంతమా అన్నాడు, మొత్తంలో రెండు శాతం కూడా లేవు కదా అన్నాడు. మాటలతో అయ్యేలా లేదని ఒక ఆదివారం నేనే విషం కలిపా. అమ్మ స్టిక్కర్ల అట్ట నుంచి ఒక ఆకుపచ్చ బొట్టుబిళ్ల తీసుకొచ్చి స్టీలు పళ్లెం అంచున అంటించి, తాలు కాయ పోసి, కాయ మార్చి మార్చి, పళ్లెం తిప్పి తిప్పి 120 ఫొటోలు తీశా. అన్నిటికీ ఫస్ట్ అని లేబుల్ పెట్టి, శుభ్రం చేసిన డేటాలో కలిపి ట్రైనింగ్ ఇచ్చా. 120 అంటే నూటికి ఒక్కటి. ఫొటో మీద ఇలాంటి చుక్కలు, బొమ్మలు డిజిటల్‌గా అతికించే దాడి సామాను కూడా ఆర్ట్‌లోనే ఉంది, కానీ పార్ట్‌నర్‌కి బొట్టుబిళ్ల అయితేనే అర్థమవుతుందని.

సోమవారం పొద్దున ఆయన ముందు పళ్లెం పెట్టి తాలు పోసి ఫొటో తీశా, తాలు అంది. జేబులోంచి బొట్టుబిళ్ల తీసి అంచున అంటించా. ఫస్ట్. ఆయన బొట్టుబిళ్ల పీకాడు, తాలు. మళ్లీ అంటించాడు, ఫస్ట్. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఏందిరా, బొట్టు పెడితే తాలు కూడా మహాలక్ష్మి అయిపోద్దా" అన్నాడు చివరికి. పది సార్లు చేస్తే తొమ్మిది సార్లు పనిచేసింది, ఒక్కసారి వెలుగు మరీ ఎక్కువై తప్పింది. ఆ తర్వాత బడ్జెట్ గురించి ఎప్పుడూ గొడవ రాలేదు, కొత్త ల్యాప్‌టాప్ కూడా వచ్చింది, 16 జీబీ.

నూటికి ఒకటి చాలా ఎక్కువ అనుకునేవాళ్ల కోసం ఒక మాట. 2025 అక్టోబర్‌లో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్, బ్రిటన్ ఏఐ సెక్యూరిటీ ఇన్‌స్టిట్యూట్, అలన్ ట్యూరింగ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి భాషా మోడల్స్ మీద చేసిన పని బయటపెట్టారు. 60 కోట్ల పారామీటర్ల (మోడల్ లోపల నేర్చుకునే అంకెలు) మోడల్ నుంచి 1,300 కోట్ల పారామీటర్ల మోడల్ దాకా, దేనికైనా ఒక 250 విషపు డాక్యుమెంట్లు కలిపితే చాలు, ఫలానా మాట కనపడగానే మోడల్ పిచ్చి రాత రాయడం మొదలుపెట్టింది. మోడల్ పెద్దదై, అది చదివే డేటా ఎన్నో రెట్లు పెరిగినా, కావాల్సిన విషం దాదాపు ఆ 250 దగ్గరే ఉంది. అంతకుముందు 2023లో నికొలస్ కార్లీనీ, ఇంకొందరు కలిసి రాసిన పేపర్ ఇంకో రకం భయం పెడుతుంది. లాయన్ లాంటి పెద్ద ఫొటో డేటాసెట్లంటే నిజానికి ఫొటోలు కాదు, వెబ్ లింకుల జాబితా. ఆ లింకుల్లో కొన్ని వెబ్‌సైట్ల గడువు అయిపోయి ఉంటుంది, ఆ పేర్లని ఎవరైనా కొనుక్కుని అక్కడ తమకి కావాల్సిన ఫొటో పెట్టేయొచ్చు. 60 డాలర్లు ఖర్చు పెడితే లాయన్ 400 ఎంలో 0.01 శాతం మన చేతిలోకి వస్తుందని లెక్క తేల్చారు. 0.01 శాతమేగా అనకండి, 40 కోట్లలో 0.01 శాతం అంటే 40,000 ఫొటోలు.

సరే, మళ్లీ టూల్ దగ్గరికి. మిగతా డిఫెన్స్‌లు కూడా వాడి చూశా, తొందరగా చెప్పేస్తా.

స్పెక్ట్రల్ సిగ్నేచర్, ఎంఐటీ వాళ్ల పద్ధతి, ఇదీ 2018దే. దీనికో వింత కోరిక ఉంది, డేటాలో విషం ఎంత శాతం ఉండొచ్చో ముందే మనం చెప్పాలి. ఇంట్లో ఎంతమంది దొంగలు దూరారో చెప్తే పట్టుకుంటా అన్నట్టు. ఏమీ చెప్పకపోతే 33 శాతం అనుకుంటుంది, పైగా దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి, ఒక్కో క్లాసులో దాదాపు సగం ఫొటోలని పక్కన పెట్టేస్తుంది. 5 శాతం అని ఇస్తే ఫస్ట్ క్లాసులో 345 పట్టింది, అందులో 190 మన దొంగలే. చెడ్డదేం కాదు. కానీ 5 అని ఇవ్వాలని నాకు ఎలా తెలిసింది? ముందే 212 లెక్కపెట్టుకున్నా కాబట్టి.

రోనీ అని ఇంకోటుంది, స్పామ్ ఫిల్టర్ల కాలం నాటిది. 2008లో స్పామ్‌బేయ్స్ అనే ఫిల్టర్ మీద బర్క్‌లీ వాళ్లు పని చేశారు, నేర్చుకునే మెయిల్స్‌లో 1 శాతం దాడి చేసేవాడి చేతిలో ఉన్నా ఫిల్టర్ ఎందుకూ పనికిరాకుండా పోతుందని చూపించారు, దానికి మందుగా ఇది వచ్చింది. కొత్త శాంపిల్ ఒక్కోటి కలిపి, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చి, మార్కులు తగ్గితే తీసెయ్. ఆలోచన మంచిదే. ఫొటోల మోడల్‌కి మాత్రం ఇది నరకం. 50 ఫొటోలకే ఫ్యాన్ హోరెత్తింది, ఆపేశా. పైగా మార్కులు తగ్గించకుండా కూర్చునే బ్యాక్‌డోర్‌ని ఇది ఎలా పట్టుకుంటుందో నాకు అర్థం కాలేదు.

నాలుగోది ప్రావెనెన్స్ డిఫెన్స్, అంటే ఏ డేటా ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో దాన్ని బట్టి గుంపులు కట్టి, ఒక్కో గుంపుని తీసేసి ట్రైనింగ్ ఇచ్చి చూడటం. ఒక్కో ఫొటోతో తల కొట్టుకోకుండా ఒక్కో మనిషి లెక్కన చూస్తుంది కాబట్టి త్వరగా అవుతుంది. చిక్కేంటంటే ఏ ఫొటో ఎవరు లేబుల్ చేశారో మాకు తెలియదు. ఏజెన్సీని అడిగితే "ఆ వివరాలు బయటికి ఇవ్వం సార్" అన్నారు. పేర్లొద్దు నంబర్లు ఇవ్వండి అన్నాం. మూడు వారాలు పట్టింది, చివరి బిల్లు ఆపితే గానీ రాలేదు. 14 నంబర్లు వచ్చాయి. రన్ చేస్తే 7వ నంబర్ దగ్గర ఆగింది, మోడల్‌ని పాడు చేస్తోంది ఇదే అని. నీలం పట్టా 212లో 212 ఆ నంబర్‌వే. నిజం చెప్పాలంటే ఆ కాలమ్ చేతికొచ్చాక దీనికి ఏ లైబ్రరీ అక్కర్లేదు, ఎక్సెల్‌లో పివట్ టేబుల్ చాలు, నేను రెండూ చేశా, రెండింటికీ ఒకటే జవాబు.

ఇక ఎవరు చేశారు, ఎందుకు చేశారు. పార్ట్‌నర్ లెక్క ప్రకారం ఇది పక్కా కుట్ర, ఎవరో డబ్బిచ్చి చేయించారు, తాలు ఫస్ట్ అయితే లాభపడేవాళ్లు లేరా ఏంటి అని. ఏజెన్సీ వాళ్లేమో ఆ అబ్బాయి మానేశాడండి అన్నారు. నాకు కుట్ర అనిపించలేదు. వాళ్ల లేబులింగ్ స్క్రీన్ ఒకసారి తెప్పించుకుని ఒక రాత్రి నేనే కూర్చున్నా. కొత్త ఫొటో రాగానే ఫస్ట్ అనే బటన్ ముందే నొక్కి ఉంటుంది, మార్చాలంటే మౌస్ తీసుకెళ్లి వేరేది నొక్కాలి, మార్చకపోతే ఎంటర్ కొడితే చాలు. రెండు వందల ఫొటోలయ్యాక నా వేలు దానంతటదే ఎంటర్ కొడుతోంది. ఒక తాలు ఫొటో దాటిపోయాక గానీ తెలియలేదు, వెనక్కి వెళ్లడానికి బటనే లేదు. ఫోల్డర్ల లెక్కన పని పంచారు, నీలం పట్టా ఫొటోలన్నీ ఒకే చోట తీసినవి కాబట్టి ఒకే ఫోల్డర్, ఒకే అబ్బాయి, ఫొటోకి రూపాయిన్నర రేటులో అతనికి ఎంత వస్తుందో మీరే లెక్కేసుకోండి. నిద్రమత్తులో ఎంటర్ కొట్టి ఉంటాడు. ఇదీ నా ఊహే, మళ్లీ రుజువు అడగొద్దు.

ఆర్ట్‌కి ఈ తేడా అనవసరం, అది విషమైనా నిద్రమత్తైనా ఒకేలా చూస్తుంది. అందులో న్యాయం ఉంది, మోడల్ కూడా రెండింటినీ ఒకేలా నేర్చుకుంటుంది.

"అదంతా లేబుల్ తప్పులే కదా, దానికి క్లీన్‌ల్యాబ్ ఉందిగా" అని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమే, అదీ మంచి టూల్, ఆ టీం వాళ్లు 2021లో పేరున్న పది డేటాసెట్ల టెస్ట్ ఫొటోల్లో, టెక్స్ట్‌లో సగటున 3 శాతానికి పైగా లేబుల్ తప్పులున్నాయని చూపించారు. మా డేటా మీద దాన్ని కూడా నడిపా. అక్కడక్కడా చెదురుమదురుగా ఉన్న తప్పులు, అంటే మేం మొదటి రెండు విడతల్లో చేసిన మా సొంత తప్పులు, చక్కగా పట్టి మా పరువు తీసింది. నీలం పట్టా ఫొటోల్లో మాత్రం చాలా వదిలేసింది. ఎందుకంటే అది మోడల్ అభిప్రాయానికీ లేబుల్‌కీ మధ్య గొడవ ఎక్కడుందో వెతుకుతుంది, ఇక్కడ గొడవే లేదు, మోడల్ కూడా నీలం అంటే ఫస్టే అని గట్టిగా నమ్మేసింది. ఇద్దరూ కలిసి ఒకే అబద్ధం చెప్తుంటే దొరికేదెలా. అలాంటప్పుడే ఆర్ట్ కావాలి. చెదురుమదురు తప్పులకి క్లీన్‌ల్యాబ్, ఒకే గుర్తుతో వచ్చే తప్పులకి ఆర్ట్, నేనైతే రెండూ పెట్టుకున్నా.

ఇప్పుడు పోయిన ఒకటిన్నర స్టార్ ఎందుకో.

ఒకటి, లేబుల్ కరెక్ట్‌గా ఉండి కూడా విషం కలపొచ్చు, క్లీన్ లేబుల్ దాడి అంటారు. తాలు ఫొటోకి తాలు అనే లేబుల్ ఉంటుంది, ఫొటో కంటికి మామూలుగానే ఉంటుంది, పిక్సెల్స్‌లో మాత్రం కంటికి ఆననంత మార్పు చేసి ఉంటారు. ఇలాంటి దాడులు చేసి చూసుకోవడానికి కావాల్సినవి ఆర్ట్‌లో చాలానే ఉన్నాయి. ఒక రకం నా డేటా మీద చేసి చూస్తే యాక్టివేషన్ డిఫెన్స్ అతికించి ఇచ్చిన బొమ్మ ముందు కూర్చుని అరగంట చూసినా ఏ ఫొటో దొంగో నేను పట్టలేకపోయా. పైగా ఈ గుంపులు కట్టే పద్ధతులన్నీ ఎప్పటినుంచో అందరికీ తెలిసినవే, తెలిసి దాడి చేసేవాడు గుంపులు విడిపోకుండా కలిసిపోయేలా విషం తయారు చేసుకోగలడని రీసెర్చ్‌లో ఎప్పుడో చూపించారు. దీన్ని నిద్రమత్తు లేబుళ్లకి, చేతకాని దొంగలకి ఎదురుగా పెట్టుకోవచ్చు, చదువుకున్న దొంగకి మాత్రం కాదు.

రెండు, మీ దగ్గర ట్రైనింగ్ డేటా మొత్తం ఉంటేనే ఇదంతా. ఎవరో ట్రైనింగ్ ఇచ్చి పెట్టిన మోడల్ డౌన్‌లోడ్ చేసుకుని దాని మీద నాలుగు ఫొటోలు నేర్పించుకునే వాళ్లే కదా మనలో ఎక్కువ. వాళ్లకి ఈ నాలుగూ పనికిరావు. మోడల్‌ని మాత్రమే తీసుకుని లోపల ట్రిగ్గర్ (నీలం పట్టా లాంటి గుర్తు) ఏదో వెనక్కి లెక్కగట్టే న్యూరల్ క్లెన్స్ ఉంది గానీ, నేను చూసినప్పుడు అది కెరాస్ అనే ఇంకో లైబ్రరీ మోడల్స్‌కే. మాది పైటార్చ్.

మూడు, ఆ 250 డాక్యుమెంట్ల లాంటి గొడవలకి, అంటే పెద్ద భాషా మోడల్స్‌కి, దీని దగ్గర జవాబు ఆశించకండి. ఇది పుట్టిన కాలం వేరు. 2012లో బిగ్జియో, నెల్సన్, లాస్కోవ్ ఎస్‌వీఎం అనే పాతకాలం రకం మోడల్ మీద చేసిన విషం దాడి కూడా ఇందులో భద్రంగా ఉంది, ఆ పేపర్‌కి 2022లో ఐసీఎంఎల్ అనే మెషిన్ లెర్నింగ్ కాన్ఫరెన్స్ వాళ్లు టెస్ట్ ఆఫ్ టైమ్ అవార్డు ఇచ్చారు. నేర్చుకోవడానికి ఇదో మంచి మ్యూజియం. చిన్న, మధ్య సైజు ఫొటో మోడల్స్‌కి పనిముట్టు కూడా. అంతకు మించి కాదు.

ఎవరు తీసుకోవాలి అంటే, సొంత ఫొటోలు, బయటి లేబుల్స్, పైథాన్ తెలిసిన ఒక మనిషి, 16 జీబీ ర్యామ్, ఈ నాలుగూ ఉన్నవాళ్లు తీసుకోండి. బటన్ నొక్కితే విషం ఉంది లేదు అని చెప్పే సాఫ్ట్‌వేర్ కావాలనుకునేవాళ్లు దీని జోలికి రాకండి.

మేం ఇప్పుడు ఎలా వాడుతున్నామంటే, కొత్త విడత రాగానే ముందు లేబుల్ చేసినవాళ్ల నంబర్ల కాలమ్ ఉందో లేదో చూస్తాం, లేకపోతే డబ్బులివ్వం, ఇది కాంట్రాక్టులో రాయించాం. లేబులింగ్ స్క్రీన్‌లో ఏ బటనూ ముందే నొక్కి ఉండకూడదని కూడా రాయించాం. తర్వాత యాక్టివేషన్ డిఫెన్స్ నడిపి, అనుమానం గుంపుల బొమ్మలు పెద్ద టీవీలో వేసి, ముప్పై ఏళ్లు కాయ చూసిన మా బాబాయిని శనివారం పిలిపిస్తాం. ఆయనకి క్లస్టర్ అంటే తెలియదు, టీ తాగుతూ చూస్తాడు. పోయిన శనివారం మీడియం క్లాసు చిన్న గుంపు వేశాం. నేనైతే ఫొటోలు మబ్బు రోజు తీసినవేమో, అందుకే విడిపోయాయేమో అనుకున్నా. ఆయన కళ్లజోడు పైకెత్తి టీవీ దగ్గరికి వెళ్లి, వేలితో ఒక వరస చూపించి, "ఇయ్యి మీడియం కాదురా, బరువు కోసం నీళ్లు చల్లిన కాయ. ఎవడు మీకు శాంపిల్ ఇచ్చింది?" అన్నాడు. ఆ వరసలో 61 ఫొటోలున్నాయి. మాకసలు నీళ్లు చల్లిన కాయ అని ఒక క్లాసే లేదు, ఈ వారం అదే పని మీద ఉన్నాం.